రాత్రిపూట బండి ఎక్కడ నిలబడుతుంది?

మా తమ్ముడు పికప్ అన్నాడు. మా నాయన థార్ అన్నాడు.

మీరు సరిగ్గానే చదివారు. బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేస్తున్న ఇరవై ఏడేళ్ల కుర్రాడు వెనకాల డెక్ ఉన్న బండి కావాలంటున్నాడు. పరిగి మండలంలో రెండెకరాల మల్బరీ తోట పెట్టుకుని, ఇప్పటికీ టీవీఎస్ ఎక్సెల్ మీద ఆకు మోపు వేసుకొచ్చే మనిషేమో రీల్స్‌లో కొండలెక్కే థార్ రాక్స్ కొనమంటున్నాడు. మధ్యలో నేను. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పనిచేస్తాను కాబట్టి, మా ఇంట్లో బండ్ల సంగతి ఏదొచ్చినా "పెద్దోణ్ని అడుగు" అంటారు.

ఈ పంచాయితీ మా ఇంట్లో నాలుగు నెలలు నడిచింది. మా ఇంటి గొడవ మీకెందుకు అంటారా? హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు. మా వైపు ఇళ్లలో సగం మందికి ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ. శుక్రవారం రాత్రి కొడికొండ చెక్‌పోస్ట్ దాటి ఊరికొచ్చి, సోమవారం తెల్లారకముందే వెనక్కి పోయే కుర్రాళ్లందరి ఫోన్లలో ఈ రెండు బండ్లలో ఏదో ఒకటి వాల్‌పేపర్‌గా ఉంటుంది. అందుకే రాస్తున్నా.

చూడ్డానికి అన్నదమ్ములు, స్వభావం వేరు

ముందు బండ్ల గురించి రెండు ముక్కలు. కొత్త థార్ 2020 అక్టోబరు 2న వచ్చింది. అది మూడు తలుపుల బండి, వెనక సీట్లోకి దూరాలంటే చిన్నపాటి యోగాసనం వేయాలి. ఐదు తలుపుల థార్ రాక్స్ 2024 ఆగస్టులో వచ్చాక ఇంట్లోవాళ్లను ఒప్పించడం తేలికైంది. దాని పొడవు 4.43 మీటర్లు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2.85 మీటర్లు.

పికప్‌లో మా తమ్ముడు చూసింది ఇసుజు వి-క్రాస్. అది మన రాష్ట్రం బండే. తిరుపతి వైపు శ్రీసిటీలో 2016లో ఆ ఫ్యాక్టరీ మొదలైంది. పొడవు 5.3 మీటర్లు, వీల్‌బేస్ 3.1 మీటర్లకు కొంచెం తక్కువ. ఇంకా పైకి పోతే టొయోటా హైలక్స్ ఉంది. మనకు పక్కనే బిడదిలో తయారవుతుంది, 2022లో మన మార్కెట్‌కి వచ్చింది. దాని ధర విన్నాక మా అమ్మ "అంతకు అర ఎకరా వస్తుంది కదప్పా" అంది. హైలక్స్ మాట అక్కడితో ఆగిపోయింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మా పెనుకొండ మండలం ఎర్రమంచిలోనే కియా ఫ్యాక్టరీ ఉంది. 2017లో ఒప్పందం అయింది, 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ప్లాంటు. అయినా నిజంగా బురదలో దిగే ఎస్‌యూవీ గానీ, పికప్ గానీ అక్కడ తయారవవు. కియా తన పికప్ టాస్మాన్‌ని 2024 అక్టోబరులో చూపించింది, అదీ సౌదీలోని జెడ్డాలో. ఊరి పక్కనే చెరువున్నా నీళ్లు మాత్రం ట్యాంకరులో రావాల్సిందే అన్నట్టు ఉంటుంది మా పని.

థార్, వి-క్రాస్ రెండూ లాడర్ ఫ్రేమ్ బండ్లే. అంటే కింద లారీకి ఉన్నట్టు ఇనుప చట్రం, దాని మీద బాడీ. రెండింట్లోనూ ఫోర్ బై ఫోర్ దొరుకుతుంది. అసలు తేడా వెనక చక్రాల దగ్గర ఉంది. రాక్స్ వెనక కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. అవి మనుషులను కూర్చోబెట్టుకోవడానికి. పికప్ వెనక పట్టీల స్ప్రింగులు ఉంటాయి, ఎద్దులబండి నుంచి లారీ దాకా వాడినవి. అవి బరువు మోయడానికి. బరువు లేకపోతే ఆ పట్టీలు వంగవు, గుంత వచ్చిన ప్రతిసారీ వెనక సీట్లో ఉన్నవాళ్లను ఎగరేస్తాయి. ఖాళీ పికప్‌లో వెనక కూర్చుని మడకశిర దాకా పోయొస్తే ఏ రివ్యూ వీడియో చూడాల్సిన పనిలేదు.

మేం రెండింటినీ నిజంగానే తోలి చూశాం. రాక్స్‌ని బెంగళూరులో సెల్ఫ్ డ్రైవ్‌కి రెండు రోజులు బాడుగకు తెచ్చాం. వి-క్రాస్ నాతో పనిచేసే ఒకాయన బావది, ఒక ఆదివారం ఇచ్చాడు. మాకు రోజూ తగిలే ఊళ్లు మూడు. మూడింట్లోనూ తిప్పాం. ఒక్కో ఊరు ఒక్కో లెక్క చెప్పింది.

హిందూపురం: బరువు లెక్క

హిందూపురంలో మాకు పని పట్టుగూళ్ల మార్కెట్లో. పంట దిగిన రోజు తెల్లవారుజామునే గూళ్లు సంచుల్లో నింపి తీసుకెళ్లాలి. ఎండ ముదిరితే, సంచులు ఒకదాని మీద ఒకటి నలిగితే గూళ్లు మెత్తబడతాయి, రేటు పడిపోతుంది. చాలామంది అనుకునేది ఏమంటే, రైతు అంటే బరువు, బరువు అంటే పికప్ అని. గూళ్లకు ఆ లెక్క కుదరదు. మా నాయన ఒక పంటకు 200 గుడ్ల పురుగులు పెడతాడు. బాగా పండితే 150 కిలోల గూళ్లు వస్తాయి. అంటే ఇద్దరు మనుషుల బరువు! కానీ చోటు మాత్రం డబుల్ క్యాబ్ పికప్ డెక్ మొత్తం పడుతుంది. ఆ డెక్ సుమారు ఒకటిన్నర మీటరు పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు. రాక్స్‌లో వెనక సీట్లు మడిచి నింపినా పంటలో సగం కూడా పట్టదు, పైగా గాలి ఆడదు.

అదే చింతపండు అయితే? హిందూపురం చింతపండు మార్కెట్ ఎంత పెద్దదో మీకు తెలిసే ఉంటుంది. చింతపండు, పశువుల ఎరువు, సిమెంటు లాంటివి అసలు బరువు. అక్కడ డబుల్ క్యాబ్ పికప్‌కి కూడా హద్దుంది. ఇది మీరు గుర్తుపెట్టుకోండి: డెక్ పెద్దగా ఉంది కాబట్టి టన్ను వేయొచ్చు అనుకోవద్దు. ఏ బండి కాగితాల్లోనైనా ఖాళీ బరువు, మొత్తం అనుమతించిన బరువు అని రెండు అంకెలు ఉంటాయి. ఆ రెండింటి తేడాలోనే మనుషులు, సరుకు అన్నీ సర్దుకోవాలి. ఐదుగురు పెద్దవాళ్లు ఎక్కితే 350 కిలోలు అక్కడే అయిపోతాయి. షోరూంలో కప్ హోల్డర్లు ఎన్ని అని అడిగే ముందు ఈ తేడా ఎంత అని అడగండి.

నిజంగా టన్ను మోయాలంటే మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నది బొలెరో పికప్. 1.3 టన్నుల నుంచి 2 టన్నుల దాకా మోసే రకాలున్నాయి. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుంటారు, వెనక ఊరంతా పడుతుంది. హిందూపురం మార్కెట్ బయట తెల్లారి నిలబడి చూడండి, సరుకు దించే బండ్లలో రీల్స్‌లో కనిపించేది ఒక్కటి కనిపిస్తే గొప్ప.

థాయ్‌లాండ్‌లో పద్ధతి వేరు. అక్కడ పికప్ మీద పన్ను తక్కువ. అందుకే రైతు కుటుంబం కొనే మొదటి బండే పికప్ అవుతుంది. వారమంతా పొలం పని, ఆదివారం పిల్లలతో గుడికి, అంతా దాంట్లోనే. మనకు అలా జరగలేదు. మన దగ్గర సరుకు బండి పసుపు ప్లేటు, ఇంటి బండి తెల్ల ప్లేటు. రెండు పనులూ ఒకే బండి చేయాలంటే దాని ధర 20 లక్షలు దాటిపోతుంది.

పెనుకొండ: రోడ్డు లెక్క

పెనుకొండలో మాకు రెండు రకాల దారులు. ఒకటి 44వ నంబరు జాతీయ రహదారి. రెండోది దాని నుంచి దిగి ఊళ్లలోకి, తోటల్లోకి పోయే మట్టిబాట.

హైవే మీద రాక్స్ హాయిగా ఉంది. ఎత్తుగా కూర్చుంటాం, లారీలు భయపెట్టవు. వి-క్రాస్ కూడా స్థిరంగానే పోయింది, పొడవైన బండి కదా. కానీ వెనక సీట్లో మా అమ్మ రెండో టోల్‌గేట్ రాకముందే "నడుం పట్టేసిందిరా" అంది. అదే రోజు తిరుగు ప్రయాణంలో వెనక ఆరు బస్తాల వేరుశనగ చెక్క వేశాం. అప్పుడు బండి మెత్తబడింది. అమ్మ నిద్రపోయింది. పికప్ అంటే ఏంటో నాకు ఆరోజు అర్థమైంది. మోస్తున్నప్పుడే అది సుఖంగా ఉంటుంది.

మట్టిబాట దగ్గరికి వద్దాం. ఆఫ్‌రోడ్ అనగానే మనవాళ్లకు కొండ గుర్తొస్తుంది. పెనుకొండ చరిత్ర చూస్తే నవ్వొస్తుంది. 1565లో యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు తెచ్చుకున్నారు. శత్రువు తొందరగా ఎక్కలేడనే ధైర్యంతోనే కొండకోటలు కడతారు. ఇప్పుడు మన కుర్రాళ్లకు అదే కొండ చూస్తే బండితో ఎక్కాలనిపిస్తుంది. పాత గోడల మధ్య టైర్లు గిరగిరా తిప్పి వీడియో తీయడానికి 20 లక్షలు పెట్టక్కర్లేదు, చెప్పులతో ఎక్కినా కొండ అంతే అందంగా ఉంటుంది.

మా వైపు నిజమైన ఆఫ్‌రోడ్ వేరే. వాన పడ్డాక జారే ఎర్రమట్టి, పెన్న ఒడ్డున ఇసుక, చెరువుకట్ట కింద కాలువ దాటడం. ఇక్కడ రాక్స్‌దే పైచేయి. కారణం బలం కాదు, ఆకారం. ముందు బంపర్ కిందనుంచి ఎంత నిటారు గట్టు తగలకుండా ఎక్కగలదో చెప్పే కోణం దానికి 41 డిగ్రీల పైన ఉంది. వెనక తోక పొట్టిది. పికప్‌కి వెనక చక్రాల తర్వాత డెక్ పొడుగ్గా వేలాడుతుంది, మధ్యలో పొట్ట కూడా పొడుగే. మా తోట దగ్గర కాలువ దిగి ఎక్కేటప్పుడు వి-క్రాస్ వెనక భాగం గట్టుకి ఒరుసుకుంది. రాక్స్ ఏమీ తెలియనట్టు దాటేసింది. తడి మట్టిలో ఖాళీ పికప్ వెనక చక్రాలు ఊరికే తిరుగుతాయి, పైన బరువు లేక పట్టు దొరకదు. ఫోర్ బై ఫోర్ వేస్తే గానీ కదల్లేదు.

అయితే మా ప్రాంతంలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. బురదకు బండి కొనేముందు బురద ఎన్ని రోజులు ఉంటుందో కూడా చూడాలి కదా.

ధర్మవరం: సందు లెక్క

మా అక్కను ధర్మవరంలో ఇచ్చాం. బావ మగ్గం నేస్తాడు. మేం పండించే గూళ్లు ఎక్కడెక్కడో తిరిగి నూలై, చివరికి అలాంటి మగ్గం మీదికే చేరతాయి. ధర్మవరం పట్టుచీర పేరు అందరికీ తెలుసు. ఆ చీర నేసే ఇల్లు ఉండే సందు ఎంత ఉంటుందో అక్కడికి పోతేనే తెలుస్తుంది.

వి-క్రాస్‌తో ఆ సందు మలుపు తిరగడానికి మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడాల్సి వచ్చింది. చివరికి మెయిన్ రోడ్డు మీద పెట్టి నడిచాం. రాక్స్ ఒక్కసారికి తిరిగింది గానీ ఇంటి ముందు పెడితే ఎదురింటివాళ్ల స్కూటర్ బయటికి రాలేదు. అక్క మాత్రం తేల్చి చెప్పింది: "ఒరే, డెక్ మీద చీరల మూట వేస్తే నేను ఎక్కను. దుమ్ము పడినా పోయింది, చినుకు పడినా పోయింది." పట్టుకి మూత ఉన్న బండి కావాలి. పికప్ కొంటే డెక్ మీద గట్టి మూత, అంటే కెనోపీ, వేయించక తప్పదు. దానికి ఖర్చు వేరే.

ధర్మవరం దారిలో ఇంకో పాఠం ఉంది. ఈ బండ్ల బ్రోచర్లలో నీళ్లలో ఎంత లోతు దిగవచ్చో రాస్తారు. రాక్స్‌కి 650 మిల్లీమీటర్లు, హైలక్స్‌కి 700. ఆ అంకె నిలబడి ఉన్న నీళ్లకు, పారే నీళ్లకు కాదు. 2021 నవంబరులో చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి పొంగింది. కారులో చిక్కుకున్నవాళ్లను కాపాడడానికి వెళ్లిన జేసీబీ కూడా ఏట్లో ఇరుక్కుంది. చివరికి వాయుసేన హెలికాప్టర్ వచ్చి పదిమందిని బయటికి తీసింది. జేసీబీ నిలబడలేని ఏట్లో మన థార్ నిలబడుతుందా, వి-క్రాస్ నిలబడుతుందా అనే చర్చే వద్దు. ఏరు పారుతుంటే వెనక్కి తిప్పుకోవడమే మంచి డ్రైవింగ్.

మూడు నెలల డైరీ

అప్పటికీ తేలలేదు. నేను ఫోన్ నోట్స్‌లో ఒక డైరీ పెట్టాను. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, వానలుండే మూడు నెలలు, ఇంట్లో కారు లాంటిది అవసరమైన ప్రతిసారీ ఒక లైను రాశాను. మొత్తం 39 ప్రయాణాలు. అందులో మనుషుల కోసం 28: ఆసుపత్రి, పెళ్లిళ్లు, అక్కవాళ్ల ఇల్లు, అమ్మ మోకాళ్ల వైద్యం. సరుకు కోసం 11. ఈ మొత్తంలో ఫోర్ బై ఫోర్ ఉంటే బాగుండు అనిపించినవి 4. ఆ నాలుగింట్లో రెండుసార్లు పక్క తోటాయన ట్రాక్టరు లాగింది, రెండుసార్లు ఎండ వచ్చేదాకా ఆగాం.

తర్వాత డబ్బు లెక్క. గూళ్లు మార్కెట్‌కి తీసుకెళ్లడానికి బాడుగ బండి మాకు ఒకసారికి 1,500. ఏడాదికి ఏడు పంటలు అనుకుంటే 10,500. అదే 20 లక్షల లోను ఏడేళ్లకు, 9.5 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు 32 వేల పైనే కంతు. ఏడాదికి దాదాపు 4 లక్షలు. బాడుగ మిగులుతుందని పికప్ కొంటే చేపకు ఎరగా మేకను కట్టినట్టే. నాలుగు బురద రోజుల కోసం థార్ కొన్నా అంతే.

ఈ లెక్క చూపిస్తే ఇద్దరూ మెత్తబడతారనుకున్నా. మెత్తబడలేదు. వాళ్లిద్దరి మధ్య ఉన్నది బండి గొడవ కాదని అప్పుడు తెలిసింది.

నాయన ప్రశ్న

ఒక ఆదివారం భోజనాల దగ్గర మళ్లీ మొదలైంది. తమ్ముడు డెక్ పొడవు చెబుతున్నాడు. నాయన ముద్ద కలుపుతూ అడిగాడు: "అదంతా ఉండనీరా. రాత్రిపూట ఆ బండి యాడ నిలబడుతుంది? అది సెప్పు ముందు."

తమ్ముడు మాట్లాడలేదు. కాసేపటికి "ఇక్కడే, నాయనా. యాపచెట్టు కింద" అన్నాడు.

నాయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

విషయం అది. తమ్ముడు ఉద్యోగం వదిలి ఊరికి రావాలనుకుంటున్నాడు. ఏడాదిగా వారాంతాల్లో హిందూపురం పక్కన కిరికెరలో ఉన్న రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థకి వెళ్లొస్తున్నాడు. మా ఊళ్లో చాకీ కేంద్రం పెట్టాలని వాడి ఆలోచన. తెలియనివాళ్లకు చెబుతా: గుడ్లు పగిలి వచ్చిన పురుగు మొదటి రోజుల్లో పసిబిడ్డ లాంటిది. వేడి 27, 28 డిగ్రీలు ఉండాలి, గాలిలో తేమ ఎక్కువ ఉండాలి, ఆకు లేతగా సన్నగా తరిగి వేయాలి. రెండో జ్వరం దాటేదాకా ఒకచోట పెంచి, తర్వాత రైతులకు ఇస్తే వాళ్ల పంట గట్టిగా వస్తుంది. అలా పెంచి ఇచ్చే చోటే చాకీ కేంద్రం. పురుగుల ట్రేలను తెల్లవారుజామున చల్లగా ఉండగానే పరిగి, హిందూపురం, పెనుకొండ మండలాల్లో తోట తోటకీ చేర్చాలి. పురుగుమందు వాసన తగిలినా చచ్చిపోయే ప్రాణాలు అవి. మనుషులు కూర్చునే చోటుకీ వాటికీ మధ్య గోడ ఉండాలి, వాడిన ప్రతిసారీ కడిగేసే వీలుండాలి. మూత వేసిన డెక్ అయితే రెండూ కుదురుతాయి. వాడు పికప్ అన్నది అందుకు.

నాయన థార్ అన్నది కూడా ఇప్పుడు అర్థమైంది. రాక్స్ అంటే బెంగళూరు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడే బండి. కొడుకు నెలకోసారి దాంట్లో ఊళ్లోకి దిగితే, అరుగు మీద కూర్చున్నవాళ్లు "ఎవరి బండప్పా అది?" అని అడగాలి. పురుగు పంట ఎప్పుడు పోతుందో, గూళ్ల రేటు ఎప్పుడు పడుతుందో నలభై ఏళ్లుగా చూసిన మనిషి. మమ్మల్ని చదివించింది ఆకు మోపు మోయకూడదనే. కొడుకు డెక్ ఉన్న బండి అడిగితే, తన వీపు మీది మోపు వాడు అడిగినట్టు అనిపించి ఉంటుంది ఆయనకు.

అప్పుడు నేను చెప్పగలిగింది ఒక్కటే, కాగితం మాట. బండి ఎక్కడ నిలబడుతుందనేది మనసు ప్రశ్నే కాదు, చట్టం ప్రశ్న కూడా. ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, పన్ను కట్టాలి. బెంగళూరులో ఉండే మనవాళ్లు ఎందరో ఏపీ నంబరుతో ఏళ్ల తరబడి తిరిగి, ఏదో ఒక రోజు రోడ్డు మీద ఆగిపోయి జరిమానా లెక్కలు వేసుకుంటారు. కేఏ నంబరా, ఏపీ నంబరా అన్నది కొనే రోజే తేల్చుకోవాలి. "వాడు ఊరికొస్తాడా రాడా అనేది తేలకుండా ఏ బండి కొన్నా అది తప్పు బండే అవుతుంది" అన్నాను.

మూడు వారాలు ఇంట్లో బండి మాట ఎత్తలేదు ఎవరూ. తమ్ముడు మాత్రం ఒక పని చేశాడు. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, చాకీ పురుగులు తీసుకుంటామని చెప్పిన రైతుల పేర్లు, ఎవరికి ఎన్ని గుడ్లు కావాలో ఒక నోటుబుక్కులో రాసుకొచ్చాడు. 31 మంది. ఆ పుస్తకం టీవీ పక్కన పెట్టి బెంగళూరు వెళ్లిపోయాడు. వచ్చే ఆదివారానికి అందులో ఇద్దరి పేర్లు కొట్టేసి ఉన్నాయి, పక్కన నాయన చేతిరాత: "వీళ్లు బాకీ ఎగ్గొడతారు." ఇంకో నలుగురి పేర్లు కొత్తగా చేరాయి.

ఆ తర్వాత పనులు తొందరగా జరిగాయి. కొత్త బండి వద్దనుకున్నాం. నాలుగేళ్లు వాడిన డబుల్ క్యాబ్ పికప్ ఒకటి చూశాం. కింద చట్రానికి తుప్పు లేదని, వెనక పట్టీలు విరగలేదని, ఫోర్ బై ఫోర్ లో గేరులో పడుతోందని తెలిసిన మెకానిక్‌తో చూపించుకుని తీసుకున్నాం. కొత్తదానికీ దీనికీ ఉన్న తేడా డబ్బు చాకీ గదికి పెట్టాం. లోను చిన్నది. దాని కంతు చాకీ ఆర్డర్ల నుంచే రావాలి, గూళ్ల డబ్బు ముట్టకూడదు అన్నది నాయన షరతు. డెక్ మీద తెల్ల కెనోపీ వేయించాం, అక్క చీరలకు కూడా పనికొస్తుంది. వెనక సీట్లో అమ్మకు ఒక మందపాటి దిండు.

మీరు ఏది కొనాలి?

మీకు థార్ మీద మనసుంటే నేను వద్దనను. బండి బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో ఉంటుంది, వెనక కూర్చునేది మనుషులు, ఏడాదికి రెండు మూడుసార్లు కొండలకు పోతారు. అలాంటప్పుడు పికప్ కొంటే పార్కింగ్‌లో రోజూ ఏడుస్తారు. ఊళ్లో ఉంటుంది, వారానికి రెండు మూడుసార్లైనా సరుకు ఎక్కుతుంది, ఇంటివాళ్లూ దాంట్లోనే తిరగాలి అంటే డబుల్ క్యాబ్ పికప్‌కి అర్థం ఉంది. సరుకు మాత్రమే అయితే బొలెరో పికప్, నెలకోసారి సరుకైతే బాడుగ బండి. ఏదీ తేలకపోతే మూడు నెలలు ఫోన్‌లో లైన్లు రాసుకోండి. మీ ప్రయాణాలే చెబుతాయి.

తమ్ముడి నోటీసు పీరియడ్ ఇంకో నెల ఉంది. చాకీ గదికి సున్నం వేస్తున్నారు. ఆర్సీ కార్డు పేరు మార్చి ఇంటికొచ్చిన రోజు నాయన కళ్లద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆయనకు ఇప్పటికీ అనంతపురం అంటే ఏపీ 02.

"02 రాదా ఇప్పుడు?" అన్నాడు.

"2019లోనే రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చేసింది, నాయనా" అన్నాను.

అడ్రసు ఉన్న చోట బొటనవేలు పెట్టి మా ఊరి పేరు ఒకసారి పైకి చదివాడు. కార్డుని బీరువాలో పొలం పాసుపుస్తకం పక్కన పెట్టాడు.